చెట్టు కోసం వాడపల్లి దాకా

డిసెంబరు మూడో శనివారం పొద్దున ఆరూ యాభైకి సూర్యాపేట కొత్త బస్టాండులో కోదాడ బస్సు ఎక్కాం. మేం నలుగురం. మా ఆయన ప్రభాకర్, ఏడో తరగతి చదివే మా అమ్మాయి కీర్తన, మా ఆయన తండ్రి అయిన మా మామయ్య దావీదు గారు, నేను. సామాను ఒక టిఫిను క్యారియరు, ఒక మోకు, ఒక గొడ్డలి. గొడ్డలితో బస్సెక్కిన కుటుంబాన్ని చూసి జనం కొంచెం జరిగి కూర్చున్నారు గనక, ముందు ఆ సంగతి చెప్పేస్తాను.

మా వీధి చర్చికి ప్రతి ఏడూ క్రిస్మస్ చెట్టు తెచ్చేది మామయ్యే. కట్టెకోత మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. పండగకు నాలుగు రోజుల ముందు ఒక్కరే వెళ్ళి, మంచి సరుగుడు చెట్టు చూసి, తన చేత్తో కొట్టి, ఏదో ఒక బండి మీద వేసుకొని వచ్చేవారు. పోయిన ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పనిచేయదు. కుడి కాలు ఈడుస్తూ కర్ర పట్టుకొని నడుస్తారు. మాట పోలేదు గానీ బాగా నిదానమైంది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య మనం గ్లాసెడు నీళ్ళు తాగి రావచ్చు.

ఆ ఖాళీని మేం ఊరికే ఉండనివ్వలేదు. ఆయన నోరు తెరవగానే నేనొక వైపు నుంచి, మా ఆయన ఇంకో వైపు నుంచి, కీర్తన మధ్యలో దూరి ఆ వాక్యాన్ని పూర్తి చేసేవాళ్ళం. ప్రేమ కొద్దీ చేసిన పనే. సగం సార్లు మేం అన్నది తప్పయ్యేది. ఆయన తల ఊపి ఊరుకునేవారు. ఆ తల ఊపడాన్ని అవునని రాసుకున్నాం.

ఈ ఏడు సంఘ పెద్దలు ప్లాస్టిక్ చెట్టు కొందామన్నారు. మడిచి పెట్టుకోవచ్చు, పదేళ్ళు వస్తుంది, ఆకు రాలదు. "దావీదన్నను ఈ వయసుల ఏం తిప్పలు పెడతం" అన్నారు. వాళ్ళ మాటలోనూ ప్రేమే ఉంది. మామయ్య ఆ రోజు ఇంటికొచ్చి, అటక మీది గొడ్డలి దింపించుకొని, ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు. మూడు రోజులు అదే కూర్చోవడం. చివరికి మా ఆయన వెళ్ళి పెద్దలను బతిమాలితే, శనివారం సాయంత్రానికి చెట్టు వస్తే సరే, లేకపోతే ఆ రాత్రే వెళ్ళి ప్లాస్టిక్‌ది కొనేస్తామన్నారు. అట్లా బయలుదేరాం. చెట్టు కన్నా ఎక్కువదేదో ఆ శనివారం తేలబోతోందని మా అందరికీ తెలుసు.

కండక్టరమ్మ నా ఆధార్ కార్డు, కీర్తనది చూసి జీరో టికెట్లు కొట్టింది. మగవాళ్ళిద్దరికీ డబ్బులు తీసుకుంది. తర్వాత గొడ్డలి వైపు చూసింది.

"దీనికి టికెట్ లేదు గని, ముందుగాల గోనెసంచిల చుట్టుండ్రి. జనం బెదురుతున్నరు" అంది.

గోనెసంచి ఆమే డ్రైవరు సీటు వెనక నుంచి తెచ్చి ఇచ్చింది. పక్క సీట్లో నల్లబట్టలు కట్టుకొని, మెడలో మాల వేసుకున్న అయ్యప్ప స్వామి ఒకాయన లేచి మామయ్యకు కిటికీ సీటు ఇచ్చాడు. "ఏం తాతా, గొడ్డలి పట్టుకొని ఏడికి?" అని అడిగాడు. మామయ్య నోరు తెరిచేలోపే మా ఆయన "చర్చికి చెట్టు కొట్టనీకి పోతున్నం స్వామీ, కోదాడ" అన్నాడు. మామయ్య నోరు మూసుకొని కిటికీలోంచి బయటికి చూశారు. హైవే పక్కన పొలాల మీద మంచు ఇంకా విడలేదు.

ఏడూ యాభై అయిదుకు కోదాడ. ఆటో మాట్లాడుకొని ఖమ్మం రోడ్డులో నాలుగు కిలోమీటర్లు వెళ్ళాం. మామయ్య ఏటా చెట్టు తెచ్చే సరుగుడు తోట అక్కడే. ఆటో ఆగిన చోట తోట లేదు. చదును చేసిన ఎర్రనేల, వరసగా పాతిన తెల్లరాళ్ళు, రంగు జెండాలు, ఒక పెద్ద కమాను. దాని ఎదురుగా చిన్న టీ కొట్టు. టీ కొట్టావిడను అడిగాం.

"తోటెక్కడుందమ్మా? అమ్మేసి ఏడాదవుతుంది. ప్లాట్లు చేసేశారు" అందావిడ. కోదాడ దాకా వస్తే మాట కొంచెం ఆంధ్ర వైపుకు తిరుగుతుంది. "టీ తాగండి, అంత దూరం నుంచి వచ్చారు."

మా ఆయన ముఖం మాడిపోయింది. "నాయినా, నువ్వు కోదాడే అన్నవ్ గదా?" అని కొంచెం గట్టిగానే అన్నాడు.

అప్పుడు నాకు ముందురోజు రాత్రి గుర్తొచ్చింది. ఆయన కోదాడ అనలేదు. "కోదాడ తోటే గదా నాయినా" అని అడిగింది మా ఆయన. మామయ్య ఏదో చెప్పబోయారు. "ఆ, అదే, అదే. పొద్దున ఆరింటికే లేవాలె" అని నేను లైటు తీసేశాను.

"ఆయన అనలేదు. మనమే అన్నం" అన్నాను మా ఆయనతో. టీ గ్లాసు బల్ల మీద పెట్టి మామయ్య ఎదురుగా కూర్చున్నాను. మా ఇళ్ళల్లో కోడలు మామకు ఎదురుగా అట్లా కూర్చోదు. కానీ పక్కన నిలబడి వినడం వల్లే ఇంత దూరం వచ్చాం. "చెప్పు మామా" అన్నాను. చెప్పి నోరు మూసుకున్నాను.

నోరు మూసుకోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఇరవై ఏళ్ళుగా బడిలో లెక్కలు చెబుతున్నాను. పిల్లవాడు తడుముకుంటే జవాబు నా నోటి చివరే ఉంటుంది. మామయ్య పెదవులు కదిలాయి, ఆగాయి. గొంతులో మాట తయారవుతున్నట్టు కంఠం కదిలింది. కీర్తన ఏదో అనబోతే దాని మోకాలు నొక్కాను.

"కో…దాడ తోట… అమ్మిన్రని… నాకు తెలుసు" అన్నారు మామయ్య. మళ్ళీ ఊపిరి తీసుకున్నారు. "వాడ…పల్లి. గొర్రెల… ఎంకన్న. ఆయన కాడ… మూడు వరసలు… ఉన్నయ్."

ఫోనులో టైము చూశాను. రెండు నిమిషాలు కూడా కాలేదు. అవే రెండు నిమిషాలు నిన్న రాత్రి ఇచ్చి ఉంటే మంచంలో ఇంకో గంట పడుకునేవాళ్ళం. నాకు చాలా సిగ్గేసింది.

కోదాడ బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, తొమ్మిదీ నలభైకి మిర్యాలగూడ బస్సు పట్టుకున్నాం. హుజూర్‌నగర్ మీదుగా వెళ్ళే ఆర్డినరీ బస్సు. చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా ఆగింది. కాలవ కింది నేల కదా, దారి పొడవునా నారుమళ్ళు. ఎక్కడ చూసినా లేత చిలకపచ్చ. నా పక్కన కూర్చున్న ముసలమ్మ ఒళ్ళో గంపలో రెండు కోళ్ళున్నాయి. "కొడుకు బిడ్డకు బాలేదు, సూసి రావాలె" అంది. కాసేపాగి మామయ్యను చూసి "మా ఆయనకు గిట్లనే అయ్యింది. మాట్లాడిపిస్తుండాలె బిడ్డా, లేకుంటే నోరు మర్సిపోతది" అంది. అదే మాట దవాఖానలో డాక్టరు కూడా చెప్పాడు. ముసలమ్మ చెబితే ఎక్కువ తగిలింది.

పదకొండూ ఇరవైకి మిర్యాలగూడ. బస్టాండులో దిగగానే ఉడికిన వడ్ల వాసన. రైసు మిల్లుల ఊరు కదా, గాలి కూడా అన్నం వండుతున్నట్టే ఉంటుంది. పావుగంటలో వాడపల్లి బస్సు దొరికింది. దామరచర్ల దాటాక సిమెంటు లారీలు వరసగా ఎదురొచ్చాయి. రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద బూడిద రంగు దుమ్ము. ఇక్కడి చెట్టును తీసుకెళ్ళి చర్చిలో నిలబెడితే కడగడానికే ఒక రోజు పడుతుందని మా ఆయన గొణిగాడు. ఈసారి మామయ్యను ఎవరం ఏమీ అడగలేదు. ఆయన ముందుకు వంగి, రోడ్డునే చూస్తూ కూర్చున్నారు. బస్సు మలుపు తిరిగేటప్పుడు మనిషి కూడా మలుపు తిరిగేవారు.

ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు తిన్నగా బస్సులున్నాయి. మాలాగా కోదాడ చుట్టి రావద్దు.

పన్నెండూ నలభైకి వాడపల్లిలో దిగాం. టీ కొట్టు దగ్గర అడిగితే, "గొర్రెల ఎంకన్ననా? గట్టు బాట పట్టి పోండ్రి, మంద వాసనొస్తది, గదే ఇల్లు" అన్నారు. మామయ్య నడవగలరో లేదోనని ఆటో అడగబోతే ఆయన అప్పటికే పది అడుగులు ముందున్నారు.

ఇల్లు కనిపించకముందే చప్పుడు వినిపించింది. సన్నగా, తెగకుండా, పైనుంచి కిందికి దిగుతున్న హోరు. కీర్తన ఆకాశం చూసి "మమ్మీ, వాన వస్తుందా?" అంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మలుపు తిరిగేసరికి బత్తాయి మొక్కల పక్కన మూడు వరసల సరుగుడు చెట్లు కనిపించాయి. గాలి వాటి సన్నటి ఆకుల్లోంచి వెళ్తున్న చప్పుడది. నలభై ఆరేళ్ళు వచ్చాయి నాకు. ఏటా చర్చిలో రంగు కాగితాలూ బల్బులూ కట్టిన చెట్టు కింద నిలబడి పాటలు పాడాను. బతికి ఉన్న సరుగుడు చెట్టు ఇట్లా చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. మేం ముగ్గురం బాటలోనే నిలబడిపోయాం. మామయ్య ఒక్కరే నడుస్తూ వెళ్ళి మొదటి చెట్టు మీద ఎడమ చెయ్యి ఆనించారు.

వెంకన్న మామయ్య వయసు వాడే. తలపాగా, భుజం మీద గొంగడి. వాళ్ళ ఇంటి దూలాలు పదేళ్ళ కింద మామయ్యే కోయించి పెట్టారట. "దావీదు మేస్త్రీ! ఏందయ్యా, గిట్లయినవ్?" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన భార్య మాకు మజ్జిగ తెచ్చింది. మా పులిహోర, ఉడికించిన గుడ్లు వాళ్ళకు పెట్టి, వాళ్ళ అన్నం, పచ్చిపులుసు మేం తిన్నాం. చెట్టు అడగగానే వెంకన్న ఒప్పుకున్నాడు. డబ్బు మాటే లేదు.

"మొదలు నాకు, తల మీకు. దొడ్డికి ఒక గుంజ కావాలె నాకు. కాకుంటే కింది నుంచి నరకాలె, పైకెక్కి కొన కొడితే నాకు పనికిరాదు" అన్నాడు.

మామయ్య చెట్ల మధ్య తిరిగి తిరిగి వరస చివరి చెట్టు దగ్గర ఆగారు. లోపలి చెట్లు వెలుతురు కోసం పైకి సాగి బక్కగా ఉన్నాయి. ఇది అంచున ఉంది గనక అన్ని వైపులా కొమ్మలు వేసి, నిండుగా, ఎవరో దువ్వి పెట్టినట్టుంది. మొదలు నా పిక్కంత లావు. చూడగానే ఇదే అనిపించింది. ఆ తర్వాత చుట్టూ చూశాను. దానికి రెండు పక్కలా కాపుకొస్తున్న బత్తాయి మొక్కలు. వెనక మోటారు కరెంటు తీగలు. ముందు సన్నటి ఖాళీ జాగా, ఆ ఖాళీ చివర కంపకంచె వేసిన గొర్రెల దొడ్డి. పెద్ద గొర్రెలు మేతకు వెళ్ళాయి గానీ, దొడ్డిలో పది పన్నెండు పిల్లలు ఎండకు పడుకొని ఉన్నాయి.

"మేస్త్రీ, ఇది పడితె దొడ్డి మీద పడతది" అన్నాడు వెంకన్న. నవ్వు పోయింది ఆయన ముఖంలో. "పిల్లల తల్లులు సాయంత్రం నన్ను అడుగుతయ్."

మామయ్య తల అడ్డంగా ఊపారు.

"నాయినా, వేరేది సూద్దాం. లోపటిది ఏదైనా…" అని మా ఆయన మొదలుపెట్టాడు. ఆయన ఆ చెట్టు దగ్గర్నుంచి కదలకపోయేసరికి గొడ్డలి గోనెలోంచి తీసి, "సరే, ఇదే అంటే ఇదే" అని మామయ్య ఇంకా నోరు తెరుస్తుండగానే రెండు దెబ్బలు వేశాడు. బత్తాయి మొక్కల వైపు.

మామయ్య కర్ర ఎత్తి చెట్టుకూ కొడుకుకూ మధ్య పెట్టారు. కర్రతో గొడ్డలిని చూపించి, ఆ తర్వాత నన్ను చూపించారు.

"నేనా?" అన్నాను. "నాకు గొడ్డలి పట్టుకోవడమే రాదు మామా."

అందరం ఆగాం. ఆయన మాట వచ్చేదాకా ఆగాం.

"వానికి… తెలుసనుకుంటడు. నీకు… తెల్వదు. నువ్వు… ఇంటవ్" అన్నారు.

మా ఆయన ముఖం చూడాలనిపించలేదు నాకు. గొడ్డలి తెచ్చి నా చేతికిచ్చాడు.

ఆ తర్వాత జరిగింది నేను చూసినట్టే రాస్తున్నాను. మామయ్య ఒక పుల్ల తెప్పించుకున్నారు. ఎడమ చెయ్యి చాపితే కంటి నుంచి పిడికిలి దాకా ఎంత దూరమో అంత పొడవుకు దాన్ని విరిపించారు. పుల్లను నిలువుగా పట్టుకొని, ఒక కన్ను మూసి, చెట్టు వైపే చూస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టారు. ఆయనకు వెనకడుగు నిలవదు. నేను వెళ్ళి మోచెయ్యి పట్టుకున్నాను. ఒక అడుగు, ఆగడం, పుల్ల చూడడం, ఇంకో అడుగు. పుల్ల కింది కొస చెట్టు మొదలుకూ, పై కొస చెట్టు చివరకూ సరిపోయిన చోట ఆగారు. కాలితో నేల మీద గీత గీశారు.

"కొస… ఈడికి… వస్తది."

మేం నిలబడిన చోటికీ దొడ్డి కంచెకూ మధ్య ఇంకా బారెడు నేల ఉంది. సరూప త్రిభుజాలు. ఏటేటా పదో తరగతికి నల్లబల్ల మీద గీసి, చెట్టు ఎత్తు కనుక్కోండని లెక్క ఇస్తాను. పుస్తకంలో చెట్టు, పుస్తకంలో నీడ. ఏ ఏడూ ఒక్క పిల్లనైనా బయటికి తీసుకెళ్ళి చెట్టు ముందు నిలబెట్టలేదు. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి, ఒక్క చెయ్యి పనిచేసే మనిషి, నా ముందు ఆ లెక్క చేసి, జవాబు కాలితో గీశాడు. పదిహేడేళ్ళుగా ఆయనకు అన్నం పెడుతున్నాను. ఈ మనిషిని నేను చూడనే లేదనిపించింది.

గీతకూ చెట్టుకూ మధ్య, ఖాళీ జాగాలో ఒక చోట గొర్రెలను కట్టే గూటం ఒకటి కొట్టించారు. "మొద్దు… దీని మీద… పడాలె" అన్నారు. వెంకన్న గూటం వైపూ, దొడ్డి వైపూ, బత్తాయి వైపూ చూశాడు. ఏమనుకున్నాడో, లోపలికి వెళ్ళి గొర్రెపిల్లలను దొడ్డిలో ఆ చివరకు తోలి వచ్చాడు.

కొంగు నడుముకు దోపుకున్నాను. మొదటి పది దెబ్బలు చెట్టుకు తగిలాయనే చెప్పాలి, అంతకుమించి ఏమీ కాలేదు. సరుగుడు కట్టె గట్టిది. గొడ్డలి ఎగిరి వచ్చింది. మామయ్య పక్కనే రాయి మీద కూర్చొని, కర్ర కొసతో చెట్టు మీద చోటు చూపించేవారు. "ముందుగాల… నోరు… తెరువాలె." పడాల్సిన వైపు, కింద, నోరు తెరిచినట్టు ఒక గాటు. "ఏటవాలుగ." కొట్టాను. "జోరు… వద్దు. గొడ్డలి బరువే… సాలు." చేతులు దించి, బరువును దాని మానాన వదిలాను. చెక్క పెచ్చు చిప్పలా లేచింది. మొదటిసారి చిప్ప లేచినప్పుడు కీర్తన చప్పట్లు కొట్టింది.

ఒక్కో మాటకూ ఆగేదాన్ని. ఆగకపోతే గొడ్డలి ఎక్కడ వెయ్యాలో నాకు తెలియదు కదా. ఆయన తడుముకునేటప్పుడు సాయం చేద్దామని మాట అందిస్తే, చెట్టు బత్తాయి మీద పడవచ్చు, గొర్రెపిల్లల మీద పడవచ్చు. ఎంతసేపైనా ఆయన మాట ఆయన నోటి నుంచే రావాలి. కాసేపటికి ఆ ఆగడం నాకు బరువుగా లేదు. ఊపిరి తీసుకునే సందు దొరికినట్టే ఉంది.

ముందు నోరు మూడో వంతు తెరుచుకున్నాక, మామయ్య నన్ను వెనక వైపుకు పంపారు. రెండు వేళ్ళు పైన కొట్టమన్నారు. ఇరవై దెబ్బలకు చెట్టు లోపల ఏదో టిక్కుమంది. అరచేతులు బొబ్బలెక్కాయి. మా ఆయన మోకు పట్టుకొని ముందుకొచ్చాడు. "ఇగ సాలు నాయినా, తాడేసి గుంజుదం…" అని ఆగాడు. తనంతట తనే ఆగాడు. తండ్రి వైపు తిరిగి నిలబడ్డాడు.

"తాడు… వద్దు" అన్నారు మామయ్య. ఊపిరి. "గుంజితె… మెలి… తిరుగుతది." ఇంకో ఊపిరి. "గాలి… నిలవాలె."

మా ఆయన మోకు కింద పెట్టేశాడు. అందరం గాలి నిలవడం కోసం చూశాం. పైన హోరు పోతూనే ఉంది. మామయ్య తల పైకెత్తి కళ్ళు మూసుకున్నారు. ఎంతో సేపటికి ఆ హోరు సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది. మూడు వరసల చెట్లూ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. దొడ్డిలో ఒక గొర్రెపిల్ల అరిచింది, అంతే.

"ఇగ… కొట్టు."

రెండు దెబ్బలు. మూడోది నేను వేశానో లేదో కూడా నాకు తెలియదు. చెట్టు నా ముందు నుంచి నెమ్మదిగా అవతలికి ఒరిగింది. అంత పెద్దది అంత నిదానంగా కదులుతుందని నేననుకోలేదు. బత్తాయి మొక్కల ఆకులు కదిలాయి గానీ ఒక్క రెమ్మ విరగలేదు. నేల అదిరింది. దుమ్ము లేచి, మళ్ళీ కూర్చుంది.

కొస గీత మీద పడింది. సరిగ్గా గీత మీద. దొడ్డి కంచె బారెడు దూరంలో ఎట్లా ఉన్నది అట్లాగే ఉంది. వెంకన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. వాళ్ళ ఆవిడ "ఓ దేవుడా" అంది. ఏ దేవుడినన్నదో నేనడగలేదు. ఆ క్షణంలో నాకూ అదే మాట వచ్చింది.

మామయ్య మాత్రం లేచి, కర్ర తాటించుకుంటూ గూటం దగ్గరికి వెళ్ళారు. మొద్దు గూటానికి బెత్తెడు పక్కన పడింది. నాలుక చప్పరించారు.

"ఆఖరి దెబ్బ… పైన… కొట్టినవ్" అన్నారు నాతో.

నా పెళ్ళయినప్పటి నుంచి ఆయన నన్ను కోప్పడింది అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మూడింటికి వెంకన్న ఫోను చేసి ట్రాలీ ఆటో పిలిపించాడు. అది వచ్చేలోపు గట్టు దిగి నీళ్ళ దగ్గరికి వెళ్ళాం. మట్టి రంగు మూసీ ఇటు నుంచి వచ్చి, వెడల్పాటి కృష్ణలో కలుస్తోంది. రెండు నీళ్ళూ వెంటనే కలవడం లేదు. చాలా దూరం పక్కపక్కనే, వేరువేరు రంగుల్లో సాగి, ఎక్కడో దూరంగా ఒకటవుతున్నాయి. ఎక్కడ ఒకటయ్యాయో కనిపెడదామని కీర్తనా నేనూ చాలాసేపు చూశాం, దొరకలేదు. మామయ్య గట్టు మీద కూర్చొని అరచేత్తో ఎండకు కళ్ళు కప్పుకొని చూస్తున్నారు. మా ఆయన వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారో లేదో దూరానికి తెలియలేదు. మా ఆయన మాత్రం పెదవులు కదిలించడం చూడలేదు నేను.

నాలుగింటికి పన్నెండు అడుగుల తల భాగం ట్రాలీ మీదికి ఎక్కించాం. కొమ్మలు మోకుతో దగ్గరికి కట్టాం. మామయ్య డ్రైవరు పక్కన, మేం ముగ్గురం వెనక చెట్టుతో. మిర్యాలగూడలో ఒక టీ, తర్వాత సూర్యాపేట రోడ్డు. మూసీ వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు వాలింది. ట్రాలీ వేగానికి కొమ్మల్లోంచి మళ్ళీ ఆ హోరు మొదలైంది. కీర్తన నా ఒళ్ళో పడుకొని వింటోంది. చూసి వచ్చినవి ఎన్నని చెప్పను? నది, తోట, నిలిచిన గాలి. కానీ ఆ రోజు నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది, మా ఇంట్లో ఎనిమిది నెలలుగా ముందు గదిలో కూర్చొని ఉన్న మనిషి. అంత విద్య కడుపులో పెట్టుకొని, మేం తప్పుగా పూర్తి చేసిన వాక్యాలకు తల ఊపుతూ కూర్చున్నాడు.

ఆరూ ఇరవైకి చర్చి గేటు ముందు ఆగాం. నక్షత్రం లైటు అప్పుడే వేశారు. పిల్లలు అరుచుకుంటూ వచ్చారు. పాస్టరు గారు, పెద్దలు వచ్చారు. చెట్టు చూసి అందరూ నోరు వెళ్ళబెట్టారు.

"మస్తుగుందన్నా!" అన్నాడు పెద్దల్లో ఒకాయన, మామయ్య భుజం మీద చెయ్యేసి. "గని, ఇంత తిప్పలు మల్ల పడొద్దు నువ్వు. వచ్చే ఏడుకైతె మేమే…"

మామయ్య పెదవులు కదిలాయి. జనం అప్పటికే చెట్టు దించడానికి ట్రాలీ వెనక్కి నడుస్తున్నారు. నా నోట్లోకి ఏదో మాట వచ్చింది. నేను అనేలోపే మా ఆయన ట్రాలీ మీదే లేచి నిలబడ్డాడు.

"జర ఆగుండ్రి. నాయిన చెప్తున్నడు" అన్నాడు.

ఆగారు. పిల్లలు కూడా ఆగారు. పాస్టరు గారు చేతులు కట్టుకొని నిలబడ్డారు. మామయ్య కంఠం కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. ఎవరూ మాట అందించలేదు.

"వచ్చే ఏటికి… దాని పక్కది… సూసి పెట్టొచ్చిన" అన్నారు. ఊపిరి తీసుకున్నారు. ఇంకా ఉందని మాకు తెలుసు గనక మేం కదల్లేదు.

"కొట్టనీకి… నా కోడలున్నది."